నాలుగున్నర అంగుళాల అంచు

కెటిల్ మూతి నుంచి ఆవిరి నిలకడగా రావడం మొదలయ్యాక ఆర్విల్ టేట్ ఆ బూడిదరంగు టోపీని తలకిందులుగా పట్టుకుని, అంచుని ఆవిరికి అడ్డంగా మెల్లగా తిప్పాడు. ఫెల్టు, బొచ్చు నొక్కి చేసిన ఆ మందపాటి గుడ్డ, ఒక్కసారిగా లొంగదు. ముందు చెమ్మ పీలుస్తుంది. తర్వాత వేళ్ళ కింద కొంచెం మెత్తబడుతుంది. ఆ అదను దాటిపోతే మళ్ళీ బిగుసుకుంటుంది. ఆ అదను ఎప్పుడొస్తుందో అతని బొటనవేళ్ళకి తెలుసు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆవిరిలో ఉడికి ఉడికి ఆ వేళ్ళ మీది గీతలన్నీ చెరిగిపోయాయి, ఏటి అడుగున గులకరాళ్ళలాగా నున్నగా అయ్యాయి.

సెప్టెంబరు మొదటి వారం. టార్బెట్ ఊళ్ళో గడ్డి టోపీలు అటకెక్కి, ఫెల్టు టోపీలు కిందికి దిగే రోజులు. దాణా కొట్టు వెనక భాగంలో, జీనులు వేలాడే గోడకీ మేకుల డబ్బాలకీ మధ్య ఆర్విల్ బల్ల ఉంది. బల్ల మీద పదకొండు టోపీలు గుమ్మటం కిందికి, అంచు పైకి పెట్టి వరసగా ఉన్నాయి. ఎవరిది ఏదో చీటీ కట్టక్కర్లేదు. గుమ్మటం ముందు నొక్కు దగ్గర జిడ్డు పట్టి ఉంటే, ఆ మనిషి టోపీని అంచుతో కాక గుమ్మటంతో పట్టుకుని తీసే తొందర మనిషి. అంచు అడుగున మసి ఉంటే, చలిమంట రాజేయడానికి దాంతోనే విసురుకున్నాడని. వెనక అంచు పైకి విరిగినట్టుంటే, ఆ మనిషి గుర్రం కన్నా పికప్ ఎక్కువ ఎక్కుతున్నాడని, సీటుకి ఆనుకుని ఆనుకుని అంచు అలా అయిందని. ఆ సంగతి మాత్రం ఏ మగాడూ ఊళ్ళో ఒప్పుకోడు. ఆర్విల్ కూడా అడగడు. ఆవిరి పట్టి, అంచు దించి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేస్తాడు.

"ఆర్విల్, ఆ టోపీ ఇంకా బతికే ఉందా?" గల్లా దగ్గర్నుంచి వెల్డా కేకేసింది. కొట్టు ఆవిడదే. మొగుడు పోయాక ఒక్కతే నడుపుతోంది. "దాన్ని దూడ నమిలింది, ట్రాక్టర్ తొక్కింది. వాడికి కొత్తది అమ్మరాదూ?"

"ఇంకో శీతాకాలానికి వస్తుంది, వెల్డా. బీవర్ బొచ్చుతో చేసింది. కుందేలు బొచ్చయితే ఎప్పుడో చిరిగేది."

"నీలాంటి వాణ్ణి పెట్టుకుంటే ఇంక నా కొట్టు బాగుపడ్డట్టే!"

ఆర్విల్ నవ్వాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. చిన్న అంచున్న శుభ్రమైన టోపీ అతని తల మీద ఎప్పుడూ ఉంటుంది. ఆరేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. వాళ్ళ నాన్న, అన్నలు, వాళ్ళ వీధిలో మగాళ్ళందరూ గుర్రాల మీద పశువుల వెంట పోతే, అతను కొట్టులో స్టూలు మీద కూర్చున్నాడు. గాలివాన ఎంత గట్టిగా కొట్టిందో, మంచు ఎన్ని రోజులు పడిందో అతనికి టోపీలు వచ్చి చెప్పేవి. వాన నీళ్ళు వెనక అంచు మీంచి వీపు దాటి పడాలంటే ఎంత వంపు పెట్టాలో, ఎదురుగాలికి లేచిపోకుండా ముందు ఎంత దించాలో, ఆ వానలో ఆ గాలిలో ఒక్కరోజైనా తిరగని ఆర్విల్‌కి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

పదిన్నరకి తలుపు గంట మోగింది. ఆ అడుగులు ఎవరివో ఆర్విల్ తల ఎత్తకుండానే పోల్చుకున్నాడు. ఎమెట్ రస్క్. ఆ అడుగులు దాణా బస్తాల దగ్గర ఆగుతాయి, ఉప్పు దిమ్మలు కావాలంటాయి, వెనక్కి తిరుగుతాయి. ముప్ఫై నాలుగేళ్ళుగా అంతే. మేకుల డబ్బాలు దాటి ఇటు రావు.

ఈరోజు దాటాయి.

ఆర్విల్ కెటిల్ మంట తగ్గించి తలెత్తాడు. ఎమెట్ ఒకప్పుడు ద్వారబంధానికి తల తగిలేంత పొడవు. ఇప్పుడు చొక్కా కాలరు మెడ చుట్టూ కడియంలా వదులుగా ఉంది. ఎడమ కణత నుంచి దవడ కింది దాకా తెల్లటి కట్టు. చెవి ఉండాల్సిన చోట ఆ కట్టు చదునుగా ఉంది. కట్టు పైన, దాణా కంపెనీ వాళ్ళు ఊరికే పంచిపెట్టే ఆకుపచ్చ క్యాప్ ఒకటి వంకరగా కూర్చుని ఉంది. ఆ వేసవిలో నగరంలో డాక్టర్లు చెవి తీసేశారని, అయినా క్యాన్సరు మెడ గ్రంథుల్లోకి దిగిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆర్విల్ కూడా విన్నాడు. విన్న రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఏం, ఆర్విల్."

"రా, ఎమెట్."

"టోపీ కావాలి."

ఆర్విల్ చేతిలో టోపీ పక్కన పెట్టాడు. "ఎలాంటిది?"

"పెద్ద అంచుది. నీ దగ్గరున్న వాటిల్లోకెల్లా పెద్దది."

ముప్ఫై నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు ఆర్విల్‌కి పాతికేళ్ళు, ఎమెట్‌కి ఇరవై రెండు. జూన్ నెల శనివారం. కొట్టు నిండా జీతానికి పనిచేసే రౌతులు. ఆర్విల్ ఆ బల్ల దగ్గర చేరి ఆరు నెలలయింది. వాళ్ళు వచ్చి టోపీలిచ్చి తీసుకుపోయేవారే గాని, అతన్ని ఏరా అని పలకరించిన వాడు లేడు. ఆరోజు ఎమెట్ కొత్త గడ్డి టోపీ పెట్టుకొచ్చాడు. వాళ్ళమ్మ దక్షిణాది నుంచి తెప్పించింది. భుజాల మీద నీడ పడేంత అంచు. దాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. చేతి అల్లిక. ఎండలో తిరిగే వాడికి అంతకు మించింది లేదు. ఆర్విల్‌కి ఆ సంగతి చూడగానే తెలుసు. తెలిసే అన్నాడు: "ఒరేయ్, వానొస్తే ఎవరూ బెంగపడకండి. ఎమెట్ మనందరికీ గొడుగు తెచ్చాడు!"

కొట్టు గొల్లుమంది. ఎవరో ఆర్విల్ వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ చరుపు ఎంత తియ్యగా ఉందో అతనికి ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం వాళ్ళు అతన్ని తమతో తీసుకుపోయి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఆ శనివారంతో ఆర్విల్ వాళ్ళ మనిషయిపోయాడు. ఎమెట్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, చెవులు ఎర్రబడగా, టోపీ తీసి తొడకి ఆనించి పట్టుకున్నాడు. తర్వాతి శనివారం క్యాప్ పెట్టుకుని వచ్చాడు. టోపీ పోయినా 'గొడుగు' అన్న పేరు ఇంకో మూడేళ్ళు పోలేదు.

క్యాప్‌కి ముందు చిన్న అంచు ఒక్కటే ఉంటుంది. చెవులకీ మెడకీ ఏమీ ఉండదు. కొనడానికి వచ్చిన ప్రతి వాడికీ ఆర్విల్ చెప్పేవాడు, మూడున్నర అంగుళాలకి తగ్గొద్దు, చెవులు కాలతాయి అని. ఎమెట్‌కి చెప్పలేదు. అతని చెవులు ఎర్రబడటం, పొట్టు లేవడం, మచ్చలు రావడం ఏడాదికేడాది మేకుల డబ్బాల ఇవతల నుంచి చూశాడు. పదేళ్ళ కింద ఎడమ చెవి మీద నల్లటి పక్కు ఒకటి కనిపించింది. ఆరోజు స్టూలు మీంచి లేచాడు కూడా. ఎమెట్ అప్పుడే ఇటు చూశాడు. ఆర్విల్ మళ్ళీ కూర్చున్నాడు.

"ఉందా, లేదా?" ఎమెట్ అడిగాడు.

"ఉంది. ఉంది."

పై అరలో చివరి పెట్టె దించాడు. మీగడ రంగు ఫెల్టు, నాలుగున్నర అంగుళాల అంచు. అంత పెద్దది ఈ రోజుల్లో ఎవరూ అడగడం లేదు. కాగితం పొరలు తీసి బల్ల మీద పెట్టి, కొలత టేపు తీసుకున్నాడు. ఎమెట్ క్యాప్ తీసి తుంటి జేబులో కుక్కుకుని కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు అక్కడక్కడా కుచ్చులుగా మిగిలింది. మందు వాసన, దాని కింద ఇంకేదో వాసన. టేపు కట్టు దగ్గరికి వచ్చేసరికి ఆర్విల్ చేయి ఆగిపోయింది.

"భయపడకు, ఊడి రాదు. ఊడాల్సింది ఎప్పుడో ఊడిపోయింది."

"నొప్పిగా ఉందా?"

"ఎండ పడితే నిప్పు పెట్టినట్టుంటుంది. గాలి తగిలితే ఇంకా ఎక్కువ. ఉత్తరపు మేతబీడులో గాలిమర పంపు అరుస్తోంది, దాన్ని చూడాలి. మా అక్క నోలాకి అది చేతకాదు. ఇంట్లో కూర్చోమంటుంది. కూర్చుని ఏం చెయ్యను?"

"డాక్టర్లు ఏమంటున్నారు?"

"శీతాకాలం సంగతి మాట్లాడ్డం మానేశారు."

ఆర్విల్ టేపు చుట్టి పెట్టాడు. పనిలో పడ్డాడు. మామూలుగా పది నిమిషాల పని. ఇది మాత్రం అంత తేలిక కాదు. కొలతకి సరిపోయే టోపీ కట్టుకి ఒరుసుకుంటుంది. కట్టుకి తగలనిది కుడివైపు జారిపోతుంది. లోపలి తోలు పట్టీ కుట్లు విప్పి, ఎడమవైపు పట్టీని వెనక్కి లాగి, కుడివైపూ వెనకా ఫెల్టు ముక్కలు సన్నగా కోసి దాని వెనక దూర్చాడు. బరువంతా నుదుటి మీదా కుడి కణత మీదా నిలవాలి. ఎడమ పక్క గాలిలో తేలుతున్నట్టు ఉండాలి. పెట్టి చూశాడు. తీశాడు. ఒక ముక్క పలచన చేశాడు. మళ్ళీ పెట్టాడు. ఎమెట్ కళ్ళు మూసుకుని, క్షవరానికి కూర్చున్న వాడిలాగా ఓపిగ్గా ఉన్నాడు. వెల్డా కాఫీ తెచ్చి పెట్టి, అతని భుజం మీద చెయ్యేసి వెళ్ళింది. కాఫీ చల్లారిపోయింది.

తర్వాత కెటిల్ మంట పెంచి అంచు ఆవిరి పట్టాడు. రివాజు ప్రకారం రెండు పక్కలా పైకి వంచాలి, తాడు విసిరేటప్పుడు అడ్డం రాకుండా. ఈ టోపీకి ఎడమ పక్క వంచలేదు. కిందికే దించి, వెనక్కి సాగదీసి, నీడ మెడ దాకా పడేలా చేశాడు. వేళ్ళు కాలుతున్నా తియ్యలేదు. పట్టీ మళ్ళీ కుట్టి, బ్రష్ చేసి, అంచు పట్టుకుని ఎమెట్ తల మీద దించేసరికి ఒంటిగంట దాటింది.

ఎమెట్ కళ్ళు తెరిచాడు. తల అటూ ఇటూ తిప్పాడు. టోపీ కదల్లేదు. లేచి గోడ మీది అద్దం ముందుకి నడిచాడు. చాలాసేపు చూసుకున్నాడు. దాణా బస్తాల దగ్గర ఇద్దరు మనుషులు మాటలాపి ఇటే చూస్తున్నారు.

"ఊఁ, ఇప్పుడేమంటావు?" అద్దంలోంచే ఆర్విల్‌ని అడిగాడు ఎమెట్.

"బాగుంది."

"అంతేనా? నీకు మాటలకి కరువుండేది కాదే!"

ఆర్విల్ బ్రష్ బల్ల మీద పెట్టాడు. "ఎమెట్, ఆరోజు నేను..."

"ఏ రోజు?"

ఎమెట్ ఇటు తిరిగాడు. మీగడ రంగు అంచు కింద అతని కళ్ళు లేత నీలంగా, సూటిగా ఉన్నాయి. అతనికి గుర్తుంది. గుర్తుందన్న సంగతి దాచుకోవడం లేదు. బస్తాల దగ్గర ఇద్దరూ ఇంకా చూస్తూనే ఉన్నారు. వాళ్ళల్లో ఒకడు ఆ శనివారం అక్కడ ఉన్నవాడే, ఆ వీపు చరిచిన వాడే అయినా కావచ్చు.

"ఏం లేదు. వానలో తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకు, దానంతటదే ఆరాలి," అన్నాడు ఆర్విల్.

ఎమెట్ ఇంకాసేపు చూశాడు. తర్వాత ఒక వేలు అంచుకి తాకించి, దుకాణం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"భలే టోపీరా, ఎమెట్!" అన్నాడు బస్తాల దగ్గరి మనిషి.

ఎమెట్ తలుపు తోశాడు. వాకిట్లో ఎండలోకి అడుగు పెట్టగానే టోపీ నీడ అతని భుజాల మీద గుండ్రంగా పడింది. మెడంతా కప్పింది.

ఆ మధ్యాహ్నం ఆర్విల్ పని ఏదీ సాగలేదు. దూడ నమిలిన టోపీకి నొక్కు ఒక పక్క లోతుగా పెట్టేశాడు. కెటిల్ నీళ్ళు ఇగిరిపోయి అడుగు మాడింది.

"ఏమైంది నీకు? ఒంట్లో బాగా లేకపోతే ఇంటికి పో," అంది వెల్డా.

"బాగానే ఉన్నాను."

బ్రష్ చేతిలో ఉంది, మనసు ఇక్కడ లేదు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలి? తప్పయిందంటే సరిపోతుందా? చెవి పోయిన వాడికి, నెలల్లో పోయే వాడికి, తప్పయిందన్న మాట దేనికి పనికొస్తుంది? అది ఎమెట్ కోసమా, తన కోసమా? ఇద్దరు మనుషులు వింటున్నారని నోరు మూసుకున్నాడు. పాతికేళ్ళప్పుడు పదిమంది వింటున్నారని నోరు తెరిచాడు. వినే వాళ్ళని చూసుకుని బతికిన బతుకు తనది.

అయిదున్నరకి కొట్టు మూశాక కారులో ఇంటికి బయల్దేరాడు. ఊరు దాటి ఆరు మైళ్ళు మట్టి రోడ్డు, రెండు పక్కలా పసుపుపచ్చగా ఎండిన గడ్డి. ఎండ ఇంకా చాలా ఉంది. రస్క్‌ల ఉత్తరపు మేతబీడు దగ్గర గాలిమర తిరుగుతోంది. చప్పుడు లేకుండా తిరుగుతోంది. దాని కింద ఎమెట్ నీలం పికప్ ఆగి ఉంది. పికప్ నీడలో, ముందు చక్రానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని ఎమెట్ కూర్చుని ఉన్నాడు. టోపీ ముఖం మీదికి దించుకున్నాడు. మధ్యాహ్నం కునుకు తీసే ఏ రౌతైనా అలాగే దించుకుంటాడు, ఈగలు రాకుండా, వెలుగు కళ్ళలో పడకుండా.

ఆర్విల్‌కి ఎక్కడో తేలిక అనిపించింది. పోనీ, ఆ టోపీ వల్ల ఒక కునుకైనా పట్టింది. కారు ఆపకుండా పోయాడు. ఒక మైలు పోయాక ఆపాడు. ఇంజను నడుస్తుండగానే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ వినే వాళ్ళు ఎవరూ లేరు. కారు వెనక్కి తిప్పాడు.

గేటు తీసి, గడ్డి దుబ్బుల మధ్య సన్న కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, నాలుగడుగుల దూరంలో ఆగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకోబోయి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎమెట్, లేవకు. అలాగే ఉండు. నీ ముఖం కనపడకపోతేనే నేను చెప్పగలను." చూపు పికప్ చక్రం మీదికి తిప్పుకున్నాడు. "ఆ గడ్డి టోపీ మంచిది. ఆరోజే నాకు తెలుసు. మన ఊళ్ళో అంత మంచిది ఇంకెవరికీ లేదు. తెలిసే అన్నాను. వాళ్ళు నన్ను కలుపుకుంటారని అన్నాను. కలుపుకున్నారు కూడా. నేను ఆ నవ్వు మీద ఇన్నేళ్ళు బతికాను, నువ్వు ఎండలో తిరిగావు. నీ చెవి మీద పక్కు కట్టినప్పుడు చూశాను. లేచి వచ్చి చెబుదామనుకున్నాను. నువ్వు నా వైపు చూశావు, నాకు భయమేసింది. క్షమించమని అడగటం లేదు. విన్నావంటే చాలు. అంతే."

తొట్టిలోకి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. దూరంగా ఆవు ఒకటి అరిచింది. ఎమెట్ ఏమీ అనలేదు. అనకపోవడం న్యాయమే అనుకున్నాడు ఆర్విల్. తిట్టినా బాగుండేది. నిలబడ్డాడు. ఎమెట్ చెయ్యి ఒడిలో వెల్లకిలా ఉంది. అరచేతి మీద ఈగ ఒకటి వాలి, బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తీరిగ్గా నడిచింది. ఆగింది. మళ్ళీ వెనక్కి నడిచింది. ఆ చెయ్యి కదల్లేదు.

ఆర్విల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మణికట్టు పట్టుకుని చూశాడు. ఎండ వేడి ఉంది, అంతే. టోపీ ఎత్తలేకపోయాడు. పక్కనే చక్రానికి ఆనుకుని, అతనిలాగే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. పికప్ నీడ జరిగి జరిగి తొట్టిని తాకింది.

రోడ్డు మీద దుమ్ము లేచింది. నోలా. తమ్ముడు భోజనానికి రాలేదని వెతుక్కుంటూ వచ్చింది. గేటు దగ్గరే కారు వదిలేసి, వంటింటి ఏప్రన్‌తోనే గబగబా నడిచి వచ్చింది.

"పడుకున్నాడా? వద్దంటే వినడే. ఈ ఎండలో..."

ఆర్విల్ లేచి నిలబడ్డాడు. తన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

నోలా ఆగిపోయింది. టోపీ లేని అతని నెత్తి వంక, చేతిలోని టోపీ వంక చూసింది. వంగి, తమ్ముడి ముఖం మీది టోపీ తీసి, కట్టు లేని వైపు చెంప మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఏడవలేదు. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని, టోపీని తిప్పి చూసింది.

"నీ దగ్గరే కొన్నాడా?"

"అవును. ఈరోజే."

"ముప్ఫై ఏళ్ళు పోరాను వీడితో. పుట్టినరోజుకి కొనిస్తే ముట్టుకోలేదు. అమ్మ చచ్చిపోతూ చెప్పింది, వాడికి టోపీ పెట్టించవే అని. ఎందుకురా అంటే మాట దాటేసేవాడు." ఆమె తలెత్తింది. తమ్ముడి కళ్ళలాంటివే. "నీకేమైనా చెప్పాడా, ఆర్విల్? ఎందుకో?"

గాలి పడిపోయింది. వినే వాళ్ళు ఒక్కరే.

"లేదు," అన్నాడు ఆర్విల్. "నాకేం చెప్పలేదు."

అందులో అబద్ధం లేదు. అందుకే అది అంత సులువుగా వచ్చేసింది. నోలా తలూపి, టోపీ అతని చేతికిచ్చి, ఫోను చేయడానికి కారు వైపు నడిచింది.

ఆర్విల్ అలవాటు కొద్దీ టోపీని వెలుగుకి తిప్పి చూశాడు. ముందు నొక్కు దగ్గర చూశాడు, అంచు చుట్టూ చూశాడు. మీగడ రంగు ఫెల్టు మీద వేలి మరక ఒక్కటి లేదు. పంపు కడ్డీ మాత్రం పై నుంచి కింది దాకా కొత్త గ్రీజుతో నల్లగా మెరుస్తోంది. ఆ పక్కనే, తొట్టి అంచు మీద, టోపీని ముట్టుకునే ముందు తీసి పెట్టిన తోలు గ్లౌజులు రెండు, గ్రీజు మరకలతో, వేళ్ళు ఇంకా కొద్దిగా వంగి ఉన్నాయి.